పాలిప్రాగ్మాటిక్: ‘ఎన్నో పనులు’ అన్న మాట ఎందుకు తిట్టయింది?

రెండో శతాబ్దపు రోమన్ రచయిత ఆలస్ గెలియస్ చేతికి ఒకసారి ఒక గ్రీకు పుస్తకం వచ్చింది. రాసింది గ్రీకు రచయిత ప్లూటార్క్. గ్రీకు రాని మనిషి ఒకతను అక్కడే ఉండి, ఈ పుస్తకం ఎవరిది, దేని గురించి అని అడిగాడు. ఎవరిదో చెప్పడానికి గెలియస్‌కు క్షణం పట్టలేదు. దేని గురించో చెప్పబోయేసరికి మాట దొరకలేదు. పుస్తకం మీద ఉన్న పేరులోని ముఖ్యమైన మాట ‘పోలుప్రాగ్మొసూనే’. దానికి సరిపోయే లాటిన్ మాట ఎంత వెతికినా తట్టలేదు. సొంతంగా ఒకటి అతికిద్దామంటే చెవికి మరీ మోటుగా ఉంది. చివరికి విడమరిచి చెప్పాడు: ఎన్నో వ్యవహారాల్లోకి దిగడం, వాటన్నిటినీ నడపాలని చూడడం.

విన్నవాడు సంబరపడ్డాడు. అయితే ఈ ప్లూటార్క్ ఎవరో గానీ మనల్ని చురుగ్గా నాలుగు పనులు చక్కబెట్టమంటున్నాడన్నమాట, మంచి గుణానికి మంచి పేరే పెట్టాడు అన్నాడు. గెలియస్ తల పట్టుకున్నాడు. ప్లూటార్క్ చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆ పుస్తకం మెచ్చుకోలు కాదు, చీవాట్లు. తనవి కాని విషయాల్లో వేలు పెట్టే జబ్బు గురించి రాసిన వ్యాసం అది.

ఇంగ్లీషులో అరుదుగా కనిపించే ‘పాలిప్రాగ్మాటిక్’ అన్న విశేషణం ఈ గ్రీకు మాట సంతానమే. పెద్ద నిఘంటువుల్లో తప్ప ఎక్కడా ఎదురుపడదు. అర్థం సూటిగా చెప్పాలంటే అందరి వ్యవహారాల్లోనూ తలదూర్చే స్వభావం ఉన్న అని. అలాంటి మనిషిని ‘పాలిప్రాగ్మన్’ అని కూడా అన్నారు. అర్థం ఇంత తేలికైతే గెలియస్‌కు అంత తిప్పలు ఎందుకొచ్చిందన్నదే అసలు ప్రశ్న.

మాటను విడదీస్తే జవాబు సగం దొరుకుతుంది. మొదటి భాగం ‘పోలుస్’, అంటే చాలా, ఎన్నో. రెండోది ‘ప్రాగ్మ’, అంటే పని, వ్యవహారం, చేసిన సంగతి. అది చేయడం అని అర్థమున్న ‘ప్రాస్సెయిన్’ అనే క్రియ నుంచి వచ్చింది. అంతే. ఇందులో చొరబాటు లేదు, పరాయివాళ్ల ఊసు లేదు, గీత దాటడం లేదు. ఉన్నది ఒక లెక్క మాత్రమే: ఎన్నో పనులు.

ఇదే అర్థానికి దగ్గరగా ఉన్న మిగతా ఇంగ్లీషు మాటలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ‘ఇంట్రూడ్’లో లాటిన్ ‘ట్రూడెరె’ ఉంది, అంటే తోయడం. లోపలికి తోసుకు రావడం కళ్లకు కడుతుంది. ‘మెడిల్’ పాత ఫ్రెంచిలో కలపడం అనే మాట నుంచి వచ్చింది, కలవకూడని చోట కలిసిపోవడం. ‘ఇంటర్‌ఫియర్’ మొదట్లో గుర్రాల మాట. నడుస్తున్నప్పుడు గుర్రం కాలు కాలికి తగిలి గాయం చేసుకోవడాన్ని అలా అనేవాళ్లు. ‘ఇంపార్ట్యూనేట్’ ఇంకా విచిత్రం, అందులో ఉన్నది ఓడరేవు. ఒడ్డు చేరడానికి అనువు లేనిది అన్న అర్థం నుంచి, వేళాపాళా లేకుండా మీదపడి పీడించేవాడు అన్న అర్థం పుట్టింది. తెలుగులో కూడా ఈ భావానికి ఒళ్లే ఆధారం. వేలు పెడతాం, తలదూరుస్తాం, మధ్యలో దూరతాం. ఏదో ఒక అవయవం ఒక హద్దు దాటుతుంది. గ్రీకు మాటలో ఒళ్లూ లేదు, హద్దూ లేదు. హద్దు అందులో లేదు కాబట్టి దాన్ని వినేవాడు బయటి నుంచి తెచ్చుకోవాలి. ఆ హద్దు తెలియని రోమన్ శ్రోత పనులను మాత్రమే విన్నాడు, అందుకే పొరబడ్డాడు.

ఆ హద్దు గ్రీకుల దగ్గర మరో మాటలో ఉండేది. ‘తనది తాను చేసుకోవడం’ అనే నుడికారం వాళ్లకు బాగా అలవాటు. ఎవరి పని వాళ్లు చూసుకోవడమే మంచితనం అన్న నమ్మకం దాని వెనక ఉంది. ఆ నమ్మకం ముందే ఉంటే, ఎన్నో పనుల్లో ఉన్నవాడు అనగానే అందులో కొన్నైనా అతనివి కావు అని అర్థమైపోతుంది. ఒక మనిషికి సొంత పనులు ఎన్నని ఉంటాయి? లెక్క పెరిగిందంటే మిగతావి పరాయివే.

ఈ సామాన్యపు మాటను ప్లేటో సిద్ధాంతం స్థాయికి ఎత్తాడు. ‘రిపబ్లిక్’ నాలుగో భాగంలో న్యాయం అంటే ఏమిటన్న ప్రశ్నకు దొరికే జవాబు ఇదే: తన పని తాను చేసుకోవడం, పోలుప్రాగ్మోన్‌గా ఉండకపోవడం. ఆ ఊహా నగరంలో పాలించేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, సంపాదించి పెట్టేవాళ్లు అని మూడు వర్గాలు. ఒక వర్గం మరో వర్గం పనిలోకి దిగితే నగరానికి అంతకు మించిన కీడు లేదంటాడు. చెప్పులు కుట్టేవాడు చెప్పులు కుట్టాలి, పాలన మాట ఎత్తకూడదు. ఇక్కడ జోక్యం అన్నది పక్కింటి గోడ మీంచి తొంగిచూడడం కాదు. తనకు కేటాయించిన చోటు దాటి రావడం. కేటాయించింది ఎవరన్న ప్రశ్న వేసిన క్షణంలో ఈ మాట నీతిశాస్త్రం వదిలి రాజకీయంలోకి వచ్చేస్తుంది.

నిజానికి ప్లేటో కంటే ముందే అది రాజకీయంలో ఉంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో పౌరులు సభకు వచ్చి ఓటు వేసేవాళ్లు, న్యాయస్థానాల్లో తీర్పులు చెప్పేవాళ్లు, యుద్ధాలు చేయాలో వద్దో తేల్చేవాళ్లు. ఇది నచ్చని సంపన్నులకు ‘అప్రాగ్మోన్’ అన్నది గౌరవమైన మాట: గొడవల్లోకి పోని, ప్రశాంతంగా బతికే మనిషి. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ సరిగ్గా ఆ మాట మీదే దెబ్బ కొట్టాడు. యుద్ధంలో చనిపోయినవాళ్ల స్మారక సభలో ఆయన చేసిన ప్రసంగాన్ని చరిత్రకారుడు థూసిడిడీస్ రాసిపెట్టాడు. ప్రజా వ్యవహారాల్లో పాలుపంచుకోనివాణ్ని ఇతరులు నెమ్మదస్తుడు అంటారేమో, మేం మాత్రం పనికిరానివాడు అంటాం అన్నది అందులోని ప్రసిద్ధమైన మాట. ఒకే మనిషికి రెండు పేర్లు. ఏది పెట్టాలన్నది పెట్టేవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దాన్ని బట్టి ఉంది.

ఏథెన్స్ నగరానికే పోలుప్రాగ్మోన్ అన్న ముద్ర పడింది. ఏథెన్స్ వాళ్లు తాము ఊరుకోరు, ఇతరులను ఊరుకోనివ్వరు అని కొరింథ్ నగర దూతలు స్పార్టాలో ఫిర్యాదు చేస్తారు. తర్వాత సిసిలీలో ఏథెన్స్ దూత యూఫెమస్ మాట్లాడుతూ ఈ నిందను కాదనడు. మా పోలుప్రాగ్మొసూనే మీకూ కొంత పనికొస్తుంది, వాడుకోండి అన్నట్టుగా మాట్లాడతాడు. తిట్టును తీసుకుని బేరంలో పెట్టిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది, ఆ మాటల వెనక ఉన్నది సామ్రాజ్య దురాశ అయినా సరే. ఈ ఒక్క మాట మీద 1947లో విక్టర్ ఎహ్రెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు ఒక పెద్ద పరిశోధన వ్యాసమే రాశాడు.

సామ్రాజ్యాల సంగతి అలా ఉంచి కోర్టుల దగ్గరికి వస్తే మాట ఇంకా పదునెక్కుతుంది. ఏథెన్స్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటర్ లేడు. ప్రజలకు సంబంధించిన నేరమైతే ‘ఇష్టమున్న ఏ పౌరుడైనా’ కేసు వేయవచ్చన్నది చట్టం. దీన్ని బతుకుతెరువు చేసుకున్నవాళ్లు పుట్టుకొచ్చారు. క్రీస్తుపూర్వం 388లో అరిస్టోఫనీస్ ప్రదర్శించిన ‘ప్లూటస్’ నాటకంలో అలాంటి ఫిర్యాదుల మనిషి ఒకడు వస్తాడు. నగరానికి మేలు చేయడం నా పని అంటాడు. పరాయి పనుల్లో దూరడం మేలు చేయడమా అని ఎదుటివాడు ఈ మాటనే క్రియగా వాడి అడుగుతాడు. చట్టాన్ని నిలబెట్టడమే మేలు అని వాడి జవాబు. అందుకు న్యాయాధికారులు లేరా అంటే, మరి కేసు వేసేదెవరు, ఇష్టమున్నవాడు కదా, ఆ ఇష్టమున్నవాణ్ని నేనే అంటాడు. పోనీ, గమ్మున హాయిగా బతకరాదా అని అడిగితే, అది గొర్రె బతుకు అని తీసిపారేస్తాడు.

నాటకం వాణ్ని వెక్కిరించడానికే స్టేజీ ఎక్కించింది, చివరికి ఒంటి మీది బట్ట లాగేసి పంపేస్తారు కూడా. అయినా వాడి వాదనలో పస లేదనలేం. చట్టం ఎవరినైనా రమ్మన్నది, వాడు వచ్చాడు. వచ్చినందుకు తిట్లు తిన్నాడు.

క్రీస్తుపూర్వం 399లో సోక్రటీస్ మీద విచారణ జరిగినప్పుడు ఇదే మాట కోర్టులో వినపడింది. ప్లేటో రాసిన ప్రకారం సోక్రటీస్ దాన్ని తన గురించే వాడుకుంటాడు. నేను ఒక్కొక్కరి దగ్గరికీ పోయి సలహాలు చెబుతూ మీ పనుల్లో తలదూరుస్తాను గానీ, మీ సభకు వచ్చి నగరానికి సలహా చెప్పే సాహసం చేయను, ఇది మీకు వింతగా ఉండవచ్చు అంటాడు. ఈ మాటను ఇంత కుదురుగా ఒప్పుకున్న మనిషి మరొకడు కనబడడు. తన పని తాను చేసుకోవడమే న్యాయమని రాసిన ప్లేటో గురువు, అందరినీ ఆపి ప్రశ్నలడగడమే తన పని అన్నాడు. అతని విషయంలో సొంత పనికీ పరాయి పనికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఏథెన్స్‌కు తెలియలేదు. జ్యూరీ తనకు తోచిన చోట గీసింది.

మాటకు మంచి రోజులు కూడా లేకపోలేదు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్, చరిత్ర రాసేవాడు చేయాల్సిన విచారణకు ఇదే మాట వాడాడు. జరిగిన చోటికి పోయి చూడడం, చూసినవాళ్లను అడగడం, ఒకదాన్ని పట్టుకుని చివరిదాకా ఆరా తీయడం. ఆరా తీయడం అన్న తెలుగు మాటకు కూడా ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. పోలీసు తీస్తే దర్యాప్తు, పక్కవాడు తీస్తే చిరాకు.

ఇక ప్లూటార్క్. క్రీస్తుశకం 46 ప్రాంతంలో పుట్టి, బొయోషియాలోని ఖైరోనియా అనే చిన్న ఊళ్లో బతుకులో ఎక్కువ భాగం గడిపిన ఈయన చేతిలో మాట రాజకీయం నుంచి ఇంట్లోకి వచ్చింది. ఈ రోజు నిఘంటువుల్లో కనిపించే అర్థం దాదాపు ఈయన స్థిరపరిచిందే. ఎన్నో పనులు చేయడం అన్నది ఈయన దగ్గర ఎన్నో సంగతులు తెలుసుకోవాలన్న దురదగా మారింది. అదీ ఎలాంటి సంగతులు? పరాయివాళ్ల కష్టాలు, తప్పులు. ఇతరుల చెడు తెలుసుకోవాలన్న కోరిక, అసూయ నుంచి గానీ దుర్బుద్ధి నుంచి గానీ విడివడని జబ్బు అన్నది ఆయన ఇచ్చిన నిర్వచనం.

వ్యాసంలోని పోలికలు ఇప్పటికీ తాజాగా ఉన్నాయి. లామియా అనే రాక్షసి ఇంట్లో ఉన్నప్పుడు కళ్లు తీసి ఒక పాత్రలో దాచి గుడ్డిగా నిద్రపోతుంది, బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకుంటుంది. ఇలాంటి మనిషి అంతే: బయటి తప్పులు చూడడానికి కళ్లు పెట్టుకుంటాడు, సొంత ఇంట్లో గుడ్డివాడు. నగరాలకు కొన్ని అశుభ ద్వారాలు ఉంటాయి, వాటిలోంచి మరణశిక్ష పడినవాళ్లను, చెత్తను తప్ప వేరేవి తీసుకుపోరు. ఇతని చెవులు అలాంటి ద్వారాలు. ఒంట్లోని చెడు రక్తాన్ని మాత్రమే లాగే వైద్యుల బుడ్డిల్లాంటివి కూడా.

తలుపుల గురించి ఒక మాట అంటాడు. ఎవరి ఇంటికైనా తలుపు తట్టకుండా పోరు. వచ్చేది కొత్తవాడైతే, ఇంటి ఇల్లాలో కూతురో చూడరాని స్థితిలో కంటపడకుండా, ముందే తెలియడానికే ఆ చప్పుడు. ఇతను సరిగ్గా అవే చూడాలని చప్పుడు చేయకుండా దూరతాడు. గుడ్డ చుట్టి ఏదో మోసుకుపోతున్న ఈజిప్టు మనిషి కథ ఇంకా బాగుంటుంది. ఏమిటది అని ఒకడు అడిగితే, అడగకూడదనే కదా గుడ్డ చుట్టింది అన్నట్టు జవాబిచ్చాడట. లైసిమాకస్ రాజు తనకు ఇష్టమైన కవి ఫిలిప్పిడీస్‌ను, నా దగ్గరున్న వాటిలో ఏది ఇమ్మంటావు అని అడిగాడు. ఏదైనా ఇవ్వండి, మీ రహస్యాలు తప్ప అన్నాడు కవి.

చికిత్స కూడా చెప్పాడు, అదీ చాలా చిన్న మోతాదుతో. దారి పక్కన సమాధుల మీద రాతలు ఉంటాయి, గోడల మీద పిచ్చి రాతలు ఉంటాయి. వాటిని చదవకుండా నడవడం మొదటి పాఠం. తెరిచి ఉన్న తలుపు ముందు నుంచి పోతూ లోపలికి చూడకపోవడం రెండోది. వేటకుక్క ప్రతి వాసన వెంటా పరుగెత్తకుండా వేటగాడు ఎలా పట్టి ఉంచుతాడో, చూపును అలా పట్టి ఉంచడం. చూడాలన్న కోరిక చావకపోతే సూర్యుడు, చంద్రుడు, మొక్కలు ఉన్నాయి. కష్టాలే కావాలంటే చరిత్ర నిండా ఉన్నాయి, కడుపారా చదువుకోవచ్చు. కానీ ఈ మనిషికి చల్లారిన కష్టాలు రుచించవు, వేడివేడిగా ఉండాలి అని దెప్పుతాడు. వార్తలను ‘బ్రేకింగ్’ అని పిలిచే కాలానికి దాదాపు రెండు వేల ఏళ్ల ముందు రాసిన మాట ఇది.

ఉత్తరం వస్తే చేతులు ఆలస్యం చేస్తున్నాయని పళ్లతో దారాలు కొరికేవాళ్ల గురించి చెబుతూ సొంత అనుభవం ఒకటి తెస్తాడు. రోమ్‌లో ప్లూటార్క్ ఉపన్యాసం ఇస్తుండగా శ్రోతల్లో ఉన్న రస్టికస్‌కు ఒక సైనికుడు చక్రవర్తి నుంచి ఉత్తరం తెచ్చాడు. సభ నిశ్శబ్దమైపోయింది. ప్లూటార్క్ కూడా ఆగాడు, చదువుకోనిద్దామని. రస్టికస్ వద్దన్నాడు, ఉపన్యాసం పూర్తయి సభ లేచేదాకా ఉత్తరం విప్పలేదు. ఆ రస్టికస్‌నే తర్వాత డొమీషియన్ చక్రవర్తి చంపించాడని ప్లూటార్క్ ఒక్క ముక్కలో అంటాడు. తెలుసుకోవాలన్న తొందర లేని మనిషి ప్రాణం, అన్నీ తెలుసుకోవాలనుకునే పాలకుడి చేతిలో పోయింది. వ్యాసం చివర్లో నిరంకుశుల వేగులవాళ్ల ప్రస్తావన రావడం యాదృచ్ఛికం అనిపించదు. చెవులు రిక్కించేవాళ్లను నియమించుకోక తప్పని పాలకులను ప్రజలు అన్నిటికంటే ఎక్కువగా అసహ్యించుకుంటారంటాడు. ఏథెన్స్‌లో సామాన్యుడి మీద పడిన తిట్టు ఇక్కడికి వచ్చేసరికి రాజు మనుషుల మీదికి తిరిగింది.

లాటిన్‌లో ఈ వ్యాసం పేరు ‘కురియొసితాస్’తో స్థిరపడింది, అంటే కుతూహలం. గెలియస్ కష్టానికి తర్వాతివాళ్లు వెతికిన దారి అది. లెక్క పోయింది, పని పోయింది, చూపు మిగిలింది. ఆ లాటిన్ మాటకు కూడా మచ్చ అంటింది: 4వ శతాబ్దంలో రోమన్ సామ్రాజ్యపు తనిఖీ అధికారులను ‘కురియొసి’ అని పిలిచేవాళ్లు.

ఫిలెమన్ హాలండ్ 1603లో ప్లూటార్క్ నీతి వ్యాసాలన్నిటినీ ఇంగ్లీషులోకి తెచ్చాడు. గ్రీకు, లాటిన్ చదువుల మోజు బాగా ఉన్న ఆ రోజుల్లోనే పాలిప్రాగ్మన్, పాలిప్రాగ్మాటిక్ లాంటి రూపాలు ఇంగ్లీషు రచనల్లో తిరిగాయి. తిరిగాయే గానీ ఇల్లు కట్టుకోలేదు. కారణం ఊహించడం కష్టం కాదు, ఆ చోటు అప్పటికే నిండి ఉంది. బైబిల్ కొత్త నిబంధనను 1526లో ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్ ‘బిజీబాడీ’ అన్న మాట వాడాడు. పేతురు మొదటి పత్రికలో అక్కడున్న గ్రీకు మాట వేరు: పరాయివాళ్ల వాటి మీద పర్యవేక్షకుడు అని దాని అర్థం. ‘పరాయి’ అన్న ముక్క అందులో పచ్చిగా ఉంది. పర్యవేక్షకుడు అన్న రెండో ముక్క నుంచే ‘బిషప్’ వచ్చింది. టిండేల్ ఆ పరాయిని ‘ఇతరుల విషయాల్లో’ అని విడిగా పక్కన పెట్టి, మనిషిని మాత్రం బిజీ అన్నాడు, అంటే చేతినిండా పని ఉన్న మనిషి. తెలిసి చేశాడో లేదో గానీ, గెలియస్ లాటిన్‌లో కట్టలేకపోయిన మాట ఇంగ్లీషులో అలా తయారైంది. ఎన్నో పనులున్నవాడు అంటే పరాయి పనులున్నవాడు అన్న అదే తర్కం. ‘అఫీషియస్’ నడిచిన దారి కూడా ఇలాంటిదే. కర్తవ్యం అన్న లాటిన్ మాట నుంచి పుట్టి, మొదట సేవాభావం ఉన్నవాడికి మెప్పుగా ఉండి, తర్వాత తగుదునమ్మా అంటూ పెత్తనానికి వచ్చేవాడికి పేరైంది.

‘పాలి’ లేని ‘ప్రాగ్మాటిక్’ కథ మాత్రం ఎదురు నడిచింది. ఈ రోజు అది ప్రశంస. ఆదర్శాల చుట్టూ తిరగకుండా పని జరిగేలా చూసే మనిషి. కానీ 17వ శతాబ్దపు ఇంగ్లీషులో ప్రాగ్మాటిక్ అంటే కూడా అనవసరంగా కల్పించుకునేవాడు, తన మాటే నెగ్గాలనేవాడు. దాన్ని ఒడ్డున పడేసినవాళ్లలో తత్వవేత్తలు ఉన్నారు. చార్లెస్ శాండర్స్ పర్స్ ఆలోచనకు ‘ప్రాగ్మాటిజం’ అని పేరు రాగా, విలియం జేమ్స్ 1907లో ఆ పేరుతోనే పుస్తకం వేసి దాన్ని ఊరంతా వినిపించాడు. తన మాటను ఇతరులు ఇష్టం వచ్చినట్టు వాడేస్తున్నారని విసుగెత్తి పర్స్ 1905 నాటికే ‘ప్రాగ్మాటిసిజం’ అని ఇంకో పేరు పెట్టుకున్నాడు. ఇంత వికారంగా ఉంటే ఎవరూ ఎత్తుకుపోరని ఆయన ధీమా.

వాడుకలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఇంట్రూసివ్ అన్న మాటను మనిషికే కాదు ప్రశ్నకు, శబ్దానికి, స్క్రీన్ మీద ఊడిపడే ప్రకటనకు కూడా వాడవచ్చు. పాలిప్రాగ్మాటిక్ మనిషికీ మనిషి తీరుకూ తప్ప నప్పదు, ఎందుకంటే దాని లోపల ఉన్నది చేయడం. ఎదుటివాడికి ఇబ్బంది కలిగిందా లేదా అన్నది దానికి పట్టదు, చేసేవాడు ఎన్నిటిలో ఉన్నాడన్నదే లెక్క.

ప్రాగ్మాటిక్ మంచి మాట అయిపోవడం వల్ల దాని అన్నకు కొత్త చిక్కు వచ్చింది. నిఘంటువు చూడకుండా పాలిప్రాగ్మాటిక్ అన్న మాట ఎదురైతే, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా దాన్ని అనేక విషయాల్లో ఆచరణ తెలిసిన మనిషి అనే చదువుతారు. పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా గడిచినా, గ్రీకు రాని ఆ రోమన్ మనిషి సంబరపడింది సరిగ్గా ఈ అర్థానికే.